అంతరిక్షంలో కిలోవాటు వేడికి ఎన్ని కిలోల రేడియేటర్?

(బెంగళూరులో ఒక ఆదివారం ఉదయం తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా అన్నది అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, మైకులో గాలి చప్పుడొస్తోంది. చాలు, చాలు.

ముందు ఒక ప్రశ్న. అంతరిక్షం చల్లగా ఉంటుందని ఎంతమంది అనుకుంటున్నారు? చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. సరే, ఇంకో ప్రశ్న. ఆ మూల బల్ల మీద ఫ్లాస్కు ఉంది. పొద్దున ఏడింటికి పోసిన కాఫీ, ఇప్పుడు పదకొండు కావస్తోంది, మూత తీస్తే ఇంకా పొగలొస్తున్నాయి. ఎందుకని? ఫ్లాస్కు రెండు గోడల మధ్య ఏముంది? ఏమీ లేదు. శూన్యం. అదే శూన్యం ఉపగ్రహం చుట్టూ కూడా ఉంది. అంటే ఉపగ్రహం ఎవరిలాంటిది? ఫ్లాస్కులో కాఫీలాంటిది. పైన ఎంత చలి అని కాదండీ అడగాల్సింది, వేడి బయటికి పోయే దారి ఏది అని అడగాలి.

ఈ ఊళ్లో ఈమధ్య ఎక్కడ కూర్చున్నా వినబడే మాట ఒకటుంది. డేటా సెంటర్లని పైకి పంపేస్తే కూలింగ్ ఖర్చే ఉండదట. ఆ లెక్క చివర్లో మనమే చేద్దాం. ముందు సరుకు తెలియాలి కదా.

కింద ఉండే యంత్రానికి వేడి పోవడానికి మూడు దారులు. తగిలిన వస్తువులోకి పోతుంది, గాలిలోకి పోతుంది, కిరణాలుగా పోతుంది. స్కూటర్ ఇంజను మీద రెక్కలున్నాయంటే వాటి మధ్య గాలి ఆడుతుందని. పైన గాలి లేదు, ఆనుకోవడానికి నేల లేదు. మిగిలింది మూడోది ఒక్కటే, వికిరణం. అది మనకి కొత్తదేం కాదు. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే లేచి మీ అపార్ట్‌మెంటు కింద కార్లు చూడండి. ఆరుబయట పెట్టిన కారు టాపు నిండా మంచు పట్టి ఉంటుంది. పక్కనే చెట్టు కింద పెట్టిన కారు పొడిగా ఉంటుంది. రెండింటికీ గాలి ఒకటే కదా, మరి తేడా ఎక్కడొచ్చింది? ఒకటి రాత్రంతా ఆకాశాన్ని చూసింది, ఇంకోటి చెట్టుని చూసింది. ఆకాశాన్ని చూసిన రేకు వేడంతా పైకి పారేసుకుని చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడింది. ఆ కారు టాపే రేడియేటర్. ఉపగ్రహంలో ఆ టాపుని తేలిగ్గా చేయాలి, దానికి ఎండ తగలకుండా చూడాలి, లోపలి వేడిని దాని దాకా చేర్చాలి. ఈ మూడింట్లో చేర్చడం దగ్గరే బరువంతా పెరుగుతుంది. ఇవాళ్టి నా గొడవంతా దాని గురించే.

నాలుగో ఘాతం

లెక్కకి భయపడకండి, మన కోట్లలో చేస్తే సులువుగా వస్తుంది. ఉష్ణోగ్రతని కెల్విన్‌లో తీసుకోండి, అంటే సెల్సియస్‌కి 273 కలపండి. 27 డిగ్రీలంటే 300. దాని నాలుగో ఘాతం 810 కోట్లు. పది కోట్లతో భాగిస్తే 81. దాన్ని 5.67తో గుణిస్తే 459. చదరపు మీటరుకి 459 వాట్లు. స్టెఫాన్, బోల్ట్జ్‌మన్ నియమం అంటే ఇంతే. ఇది ఏ లోపమూ లేని తలానికి. అసలు తలం దానిలో ఎంత శాతం వదులుతుందో చెప్పేది ఎమిసివిటీ. 0.85 అనుకోండి, 390 వాట్లు వస్తుంది. ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె వేడిని 27 డిగ్రీల దగ్గర వదిలించుకోవాలంటే రెండున్నర చదరపు మీటర్ల పలక కావాలి. తలుపు రెక్క కంటే పెద్దది!

ఇప్పుడు ఉష్ణోగ్రత మార్చి చూడండి. 350 కెల్విన్‌కి 851 వాట్లు. 400కి 1450. 600కి 7350. 300ని రెండింతలు చేస్తే వేడి పదహారింతలు పోతుంది. కిందికి వెళ్తే ఇదే నియమం మనల్ని ఏడిపిస్తుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అద్దాలు 40 కెల్విన్ ప్రాంతంలో ఉంటాయి. అక్కడ చదరపు మీటరుకి వాటులో ఏడో వంతు మాత్రమే పోతుంది. ఒక్క వాటు, అంటే చిన్న టార్చిలైటు వేడి, వదలడానికి ఏడు చదరపు మీటర్లు. అందుకే ఆ టెలిస్కోపుకి టెన్నిస్ కోర్టంత ఎండతెర కట్టారు.

గది ఉష్ణోగ్రత దగ్గర గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒకటే. రేడియేటర్ ఒక డిగ్రీ తగ్గితే సామర్థ్యం 1.3 శాతం తగ్గుతుంది. పది డిగ్రీలకి 13 శాతం. ఈ అంకె మళ్లీ మళ్లీ వాడతాను, మర్చిపోకండి.

రెండోది ఎండ. భూమి దగ్గర చదరపు మీటరుకి 1361 వాట్లు. మనం పంపేది 390, వచ్చి పడేది 1361. మరెలా? ఇక్కడ ప్రకృతి మనకో వెసులుబాటు ఇచ్చింది. ఎండలో శక్తి ఎక్కువగా కంటికి కనిపించే కాంతిలోనూ దాని పక్కనా ఉంటుంది. మన పలక వదిలేది పరారుణంలో, పది మైక్రాన్ల దగ్గర. రెండూ వేరే వేరే రంగులన్నమాట. ఒక రంగుని తిప్పికొట్టి ఇంకో రంగుని వదిలే తలం దొరికితే చాలు. తెల్ల పెయింటు అలాంటిదే. కంటికి తెలుపు, పరారుణంలో నలుపు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రేడియేటర్ల మీద ఉన్నది జెడ్-93 అనే తెల్ల పెయింటు, ఎండలో 15 శాతం చిల్లర పీల్చుకుంటుంది, ఎమిసివిటీ 0.9 పైన.

కమ్యూనికేషన్ ఉపగ్రహాల మీద అద్దం ముక్కలు కనిపిస్తాయి. వాటిని ఓఎస్‌ఆర్ అంటారు. గోరంత మందం కూడా లేని గాజు, వెనక వెండి పూత. గాజు పరారుణాన్ని వదులుతుంది, వెండి ఎండని వెనక్కి కొడుతుంది. కొత్తలో ఎండలో 8 నుంచి 10 శాతమే పీలుస్తుంది. పదిహేనేళ్లకి అది 20 దాటుతుంది. ఎందుకు పెరుగుతుంది? ఉపగ్రహంలోని జిగురులూ ప్లాస్టిక్కులూ శూన్యంలో ఆవిరి వదులుతాయి. అది చల్లగా ఉన్న రేడియేటర్ మీద పేరుకుంటుంది. అతినీలలోహిత కిరణాలు దాన్ని గోధుమరంగులోకి మాడుస్తాయి. అందుకే జిగురు ఎంచుకునేటప్పుడు పరీక్ష పెడతారు. మొత్తం బరువులో ఒక శాతానికి మించి పోకూడదు, గడ్డకట్టే ఆవిరి 0.1 శాతం దాటకూడదు.

భూస్థిర కక్ష్యలో ఉత్తరం గోడ, దక్షిణం గోడ రేడియేటర్లు. ఆ గోడలకి సూర్యుడు ఎప్పుడూ ఏటవాలుగానే తగులుతాడు, ఎక్కువలో ఎక్కువ ఇరవై మూడున్నర డిగ్రీలు. అంటే ఎండలో 40 శాతం, 540 వాట్ల దాకా. పాతబడిన ఓఎస్‌ఆర్ దానిలో 25 శాతం పీల్చినా 135 వాట్లు. రేడియేటర్ 40 డిగ్రీల దగ్గర ఉంటే, అన్నీ పోను నికరంగా చదరపు మీటరుకి 270 వాట్లు మిగులుతుంది. పాత ఇన్సాట్ బొమ్మలు గుర్తున్నాయా? సోలార్ ప్యానెల్ ఒక పక్కనే ఉండేది, రెండో పక్క పొడవాటి కర్ర, దాని చివర తెరచాప. వాతావరణం చూసే పరికరం డిటెక్టర్‌ని చల్లబరిచే చిన్న రేడియేటర్ ఒక పక్కకి చూడాలి. దాని ఎదుట వెచ్చటి సోలార్ ప్యానెల్ నిలబడితే పని జరగదు. ప్యానెల్ తీసేస్తే ఎండ తోపుడుకి ఉపగ్రహం తిరిగిపోతుంది, అందుకు సరితూకంగా ఆ తెరచాప. రేడియేటర్ ఏమి చూస్తోందన్నది అంత ముఖ్యం.

ఒక పలక బిల్లు

ఇప్పుడు బరువు. ఒక చదరపు మీటరు పలకని కిరాణా కొట్టు చిట్టీలా రాద్దాం. రెండు అల్యూమినియం రేకులు, ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు: 1.6 కిలోలు. మధ్యలో తేనెపట్టు, అంటే తేనెపట్టు గదుల్లా చేసిన పలుచటి అల్యూమినియం, రెండు సెంటీమీటర్లు: 700 గ్రాములు. రెండు వైపులా జిగురు పొరలు: 400 గ్రాములు. లోపల హీట్ పైపులు, అంటే వేడిని మోసుకెళ్లే మూసిన గొట్టాలు, ఇరవై సెంటీమీటర్లకి ఒకటి చొప్పున ఐదు మీటర్లు, మీటరు 350 గ్రాములు: 1.75 కిలోలు. పైన ఓఎస్‌ఆర్, దాని జిగురు: అర కిలో. బోల్టుల గూళ్లు, అంచులు కలిపితే ఐదున్నర, ఆరు. రేకులు పూర్తిగా మాయం చేసినా ఆదా అయ్యేది కిలోన్నర పైచిలుకే. మొత్తంలో పాతిక శాతం. అందుకే 'కార్బన్ రేకు వేస్తే అంతా తేలికైపోతుంది' అంటే నేను ఒప్పుకోను. కార్బన్ రేకుకి విలువ ఉంది, కానీ అది వేరేచోట.

ఎక్కడో చూద్దాం. హీట్ పైపు దగ్గర రేకు వెచ్చగా ఉంటుంది. రెండు పైపుల నడుమకి వచ్చేసరికి చల్లబడుతుంది. చల్లబడిన చోటు తక్కువ వదులుతుంది. ఎంత చల్లబడుతుంది? అర మిల్లీమీటరు అల్యూమినియం రేకు, పైపుల దూరం పది సెంటీమీటర్లు అయితే నడిమధ్యన ఆరేడు డిగ్రీలు. దూరం ఇరవై చేస్తే? రెండింతలు అనుకుంటున్నారు కదూ. వర్గంలో పెరుగుతుంది, కాబట్టి లెక్క ప్రకారం నాలుగింతలు. నిజంగా ఇరవై డిగ్రీల పైన వస్తుంది, ఎందుకంటే చల్లబడ్డ చోటు తక్కువ వదులుతుంది కాబట్టి కొంచెం కలిసొస్తుంది. పలకలో ఇరవై శాతం దండగ. మందం రెండింతలు చేస్తే పడిపోవడం సగమవుతుంది, రేకు బరువు రెండింతలవుతుంది. ఇక్కడ కార్బన్ పనికొస్తుంది. మామూలు అల్యూమినియం ఉష్ణవాహకత 170 చిల్లర, రాగి 400. తారులాంటి పిచ్‌తో చేసిన మంచి కార్బన్ పీచు పొడవునా వెయ్యి దాకా వెళ్తుంది. బాగా ఎక్కువ వేడిలో కాల్చి చేసిన పైరోలిటిక్ గ్రాఫైట్ పలక 1500. అంటే పైపుల మధ్య దూరం పెంచుకోవచ్చు, పైపులు తగ్గుతాయి. ఆదా అయ్యే బరువు రేకుది కాదండీ, పైపులది. నాసా 2000లో పంపిన ఇఓ-1 ఉపగ్రహంలో ఒక పలకని కార్బన్-కార్బన్‌తో, అంటే కార్బన్ పీచుని కార్బన్‌లోనే పొదిగిన సరుకుతో చేసి ఎగరేశారు, పనిచేసింది. అయితే కార్బన్ పొడవునా ఎంత బాగా మోస్తుందో, మందం దిక్కులో అంత పేలవం. పైపు నుంచి వేడి రేకులోకి ఎక్కాలంటే ఆ మందం దాటాలి, జిగురు దాటాలి. మళ్లీ అతుకే!

అతుకు దగ్గరే కాసేపు ఆగుదాం. అరవై వాట్ల యాంప్లిఫయర్ పెట్టె ఒకటి, అడుగు ముప్పై సెంటీమీటర్లు పొడవు, పది వెడల్పు. దాన్ని పలక మీద బోల్టులతో బిగించారు. చూడటానికి లోహం లోహానికి ఆనింది. గాజుపలకలా నున్నగా చెక్కినా కళ్లకి కనపడని గుట్టలు ఉంటాయి, ఆ గుట్టల కొనలే ఆనతాయి. కింద గదిలో అయితే మధ్య సందుల్లో గాలి ఉండి వేడి మోస్తుంది. శూన్యంలో ఆ గాలి పోతుంది. అరవై వాట్లకి అడుగు నుంచి పలకకి ఏడు డిగ్రీల తేడా. పలుచటి గ్రాఫైట్ షీటో, సిలికోన్ రబ్బరు పొరో వేస్తే ఒక డిగ్రీ. పొర బరువు ఎంత? కొన్ని గ్రాములు. మిగిలిన ఆరు డిగ్రీలంటే ఎనిమిది శాతం విస్తీర్ణం. గ్రాములకి కిలోలు దొరికాయి.

ఇందులోనూ తప్పులు జరుగుతాయి. పెట్టె అడుగు పలుచగా ఉంటే బోల్టు బిగించిన చోట ఆని నడుమ లేచిపోతుంది. ఎంత మంచి పొర వేసినా నడుమ అది ఊరికే వేలాడుతుంది. అప్పుడు అడుగు మందం పెంచాలి లేదా నడుమ ఒక బోల్టు పెట్టాలి. కొందరు గ్రీజు పూస్తారు. గ్రీజు పాకుతుంది, కెమెరా ఉన్న ఉపగ్రహంలో గ్రీజు అంటే నాకు భయం.

మొత్తం దారి కలిపి చూడండి. పెట్టె అడుగు 60 డిగ్రీలతో బయల్దేరింది. పొర దగ్గర ఒకటి, రేకులో కొంత, హీట్ పైపులోకి ఎక్కడానికి రెండు మూడు, దిగడానికి ఇంకో రెండు, రేకులో పరుచుకోవడానికి ఎనిమిదో పదో, జిగురుకి కొంత. చివరికి పలక సగటు 38. దారిలో 22 డిగ్రీలు ఖర్చయ్యాయి. ఏ నష్టమూ లేకుండా 60కే వదిలి ఉంటే పలక మూడో వంతు చిన్నదిగా, సరే, కచ్చితంగా చెప్పాలంటే నాలుగో వంతు చిన్నదిగా ఉండేది. ఆ నాలుగో వంతు పలక అంటే అది మోసే పైపులు, అతికే జిగురు, నిలిపే బోల్టులు అన్నీ.

కన్నాలు, గడ్డకట్టడాలు

పెద్ద ఎత్తున చూడాలంటే అంతరిక్ష కేంద్రం. దాని ప్రధాన రేడియేటర్లు ఆరు, ఒక్కొక్కటీ ఎనిమిది పలకల మడత, తెరిస్తే 23 మీటర్లు పొడవు, మూడు మీటర్ల పైన వెడల్పు, 1100 కిలోల చిల్లర బరువు. అన్నీ కలిపి 70 కిలోవాట్లు వదలాలి. కిలోవాటుకి 95 కిలోలు. పంపులు, అమ్మోనియా కలపలేదు. మన భూస్థిర ఉపగ్రహం గోడకి, ఆరు కిలోల పలక 270 వాట్లు వదులుతుందని లెక్కేస్తే, 22 వస్తుంది. ఎందుకింత తేడా? వాళ్లకేం చేతకాక కాదు. లోపల మనుషులున్నారు. వాళ్ల ఊపిరిలోంచి వచ్చే తేమ నీరుగా దిగాలంటే లోపలి నీళ్ల గొట్టాలు 4 డిగ్రీల దగ్గర ఉండాలి. దాన్ని చల్లబరిచే అమ్మోనియా ఇంకా చల్లగా, 3 డిగ్రీల దగ్గర తిరిగి రావాలి. చల్లటి రేడియేటర్, నాలుగో ఘాతం, అంతే సంగతులు. పైగా అది మడత విప్పుకునేది. కత్తెర చేతులు, కీళ్లు, కీళ్ల దగ్గర వంగే గొట్టాలు, అన్నీ బరువే.

అమ్మోనియానే ఎందుకు? మైనస్ 77 దాకా గడ్డకట్టదు, బాగా మోస్తుంది. విషం కాబట్టి గది లోపలికి రానివ్వరు, లోపల నీళ్లు, బయట అమ్మోనియా, మధ్యలో మార్పిడి పెట్టె. 2013 మేలో బయట తెల్లటి పలుకులు ఎగరడం సిబ్బంది చూశారు. కారిన అమ్మోనియా గడ్డకట్టి మంచులా రాలుతోంది. ఇద్దరు బయటికి వెళ్లి మార్చింది రేడియేటర్‌ని కాదు, పంపు ఉన్న పెట్టెని. పలక బాగానే ఉంది.

పలకకీ ఒక శత్రువుంది. 2022 డిసెంబరులో కేంద్రానికి కట్టి ఉన్న రష్యా నౌక సయూజ్ ఎంఎస్-22 రేడియేటర్ గొట్టానికి కన్నం పడింది. మిల్లీమీటరు కూడా లేదు, 0.8. చూస్తూండగా ద్రవమంతా పిచికారీలా బయటికి పోయింది. ఆ నౌకలో మనుషుల్ని దించడం మంచిది కాదని ఇంకో నౌక పంపి, దాన్ని ఖాళీగా దించారు. ఇసుక రేణువంత ఉల్క, గొట్టం గోడ, ఒకే ద్రవవలయం. పంపుతో తిప్పే రేడియేటర్‌లో ఎక్కడ కన్నం పడినా మొత్తం పోతుంది. కాబట్టి గొట్టానికి కవచం కావాలి, గొట్టం ఎంత పొడవైతే అంత కవచం. పెద్ద రేడియేటర్ బరువులో సింహభాగం ఇదే.

హీట్ పైపుతో ఈ గొడవ లేదు. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దాన్ని పనిచేయించి చూపించాడు. రెండు చివరలా మూసిన గొట్టం, లోపల సన్నటి గాడులు, కొంచెం అమ్మోనియా. వేడి చివర ఆవిరవుతుంది, చల్లటి చివర ద్రవమవుతుంది, దీపం వత్తిలో నూనె పాకినట్టు గాడుల్లో వెనక్కి పాకుతుంది. పంపు లేదు, కదిలే ముక్క లేదు. వంద పైపులున్న పలకలో ఒకదానికి కన్నం పడితే వందో వంతు పోతుంది, మిగతావి పక్కవాటి పని చూసుకుంటాయి. కవచం అక్కర్లేదు. మరి అన్నీ పైపులతోనే చేయొచ్చు కదా? చేయొచ్చు, కానీ పంపు వలయం లోపల పెట్టి పైపుల్ని బయటికి చాచితే మధ్యలో ఒక పొడి అతుకు వస్తుంది. ఆ అతుకు ఐదు నుంచి పది డిగ్రీలు తింటుంది. కవచం బరువు మోస్తావా, అతుకు వేడి పోగొట్టుకుంటావా? పెద్ద రేడియేటర్ డిజైన్ అంటే ఈ బేరమే. చిన్నదానికి పైపులు, మనుషులుండేదానికి వలయం. మధ్యలో ఉన్నవాటికి అతుకుని బాగుచేయడం మీదే డబ్బు పెట్టాలని నా అభిప్రాయం.

తయారీలో ఏమవుతుందో కొంచెం చెప్తాను, ఇక్కడ చేతిపని చేసేవాళ్లు కూడా ఉన్నారు. రేకుని ఆమ్లంతో కడిగాక నీళ్లు పోసి చూస్తారు. నీరు పలుచగా పొరలా నిలిస్తే శుభ్రం. చుక్కలుగా విడిపోతే నూనె ఉన్నట్టు, మళ్లీ కడగాలి. చదునైన బల్ల మీద కింది రేకు, జిగురు పొర, పైపులు, వాటి సందుల్లో కోసిన తేనెపట్టు ముక్కలు, పైపుకీ తేనెపట్టుకీ మధ్య పొంగే జిగురు, పై రేకు. సంచి కప్పి గాలి లాగి పొయ్యిలో పెడతారు. ఇక్కడ ఒక చిక్కు. జిగురు 120 డిగ్రీల దగ్గర గట్టిపడేదైతే, పైపులో అమ్మోనియా అప్పుడు ఎంత ఒత్తిడితో ఉంటుంది? 90 బార్లు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఒక బారు. కక్ష్యలో ఆ పైపు చూసే గరిష్ఠం 60 డిగ్రీల్లో 26 బార్లే, గోడ మందం మాత్రం పొయ్యిలో గడిపే గంటన్నర కోసం పెట్టాల్సి వస్తుంది. తక్కువ వేడిలో గట్టిపడే జిగురు వాడితే పైపు తేలికవుతుంది. ఆ మందం అలా ఎక్కడి నుంచో వచ్చిందని చాలామంది గమనించరు.

పరీక్ష కూడా కింద తలనొప్పే. గాడులు అమ్మోనియాని కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుకే లాగగలవు. పలక ఒక పక్కకి కాస్త వాలితే ద్రవం కిందికి జారి, వేడి చివర ఎండిపోతుంది. 'పైపు చెడిపోయింది' అని రాసేస్తారు. చెడిపోయింది బల్ల లెవెలు. అందుకే థర్మోవాక్ గదిలో, అంటే గాలి తీసేసి అంతరిక్షంలా చల్లబరిచి పరీక్షించే గదిలో, పలకని లెవెల్ చూసి, రెండు మూడు మిల్లీమీటర్ల తేడాలోపల ఉంచుతారు. గది గోడలు ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 170కి దించుతారు. నాలుగో ఘాతం ఇక్కడ మనకి మేలు చేస్తుంది, ఆ గోడ నుంచి తిరిగొచ్చేది మీటరుకి ఆరేడు వాట్లే.

రేకులూ గొట్టాలూ లేకుండా చేద్దామన్నవాళ్లూ ఉన్నారు. 1980ల మొదట్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెర్ట్జ్‌బర్గ్, మాటిక్ బిందువుల రేడియేటర్ ఊహించారు. వేడి నూనెని వెంట్రుకంత బిందువులుగా శూన్యంలోకి చిమ్మి, అవతల గరాటాలో పట్టుకోవడం. పలక లేదు కాబట్టి ఉల్క వచ్చినా చిల్లు లేదు. బరువు చూడండి: పదో వంతు మిల్లీమీటరు బిందువులైతే చదరపు మీటరు తలానికి 18 గ్రాములు! అర మిల్లీమీటరు రేకు రెండు వైపులా వదిలినా 675 గ్రాములు. మరి ఇప్పటిదాకా ఏ ఉపగ్రహమూ దాన్ని నమ్ముకుని ఎందుకు ఎగరలేదు? వేల రంధ్రాలు ఒకే గురిలో చిమ్మాలి, ఒకటి వంకరైతే నూనె పోయినట్టే. బిందువులు విద్యుదావేశం పట్టి విడిపోతాయి. నూనె కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ద్రవ లోహాలు వాడితే వేడి ఎక్కువ తట్టుకుంటాయి, కానీ మెరిసే లోహం వికిరణం సరిగ్గా చేయదు. పలక బరువు తగ్గింది, చిమ్మేచోటా పట్టేచోటా పెరిగింది.

సరే, డేటా సెంటర్. ఒక మెగావాటు. చిన్నదే, ఈ ఊళ్లో ఉన్నవాటి ముందు. చిప్పుల నీళ్లని 60 డిగ్రీల దగ్గర వదులుదాం. పలక ఒక్కో వైపు మీటరుకి 625 వాట్లు. భూమి నుంచి వచ్చే వెచ్చదనం, పరావర్తనం తీసేస్తే 545. రెండు వైపులా 1090. పైపుల మధ్య చల్లబడే నష్టం 15 శాతం తీసేయండి. 1080 చదరపు మీటర్లు వస్తుంది. అడుగుల్లో పదకొండు వేల ఆరువందలు. మన థర్టీ ఫార్టీ సైట్లు, అంటే ముప్పై అడుగులకి నలభై అడుగుల ఇంటి స్థలాలు, దాదాపు పది! ఆరు కిలోల పలకతో ఆరున్నర టన్నులు, అంతరిక్ష కేంద్రం పద్ధతిలో మడత, కవచం, కీళ్లతో పదిహేను టన్నులు. ఇస్రో రాకెట్ ఎల్‌విఎం3 కింది కక్ష్యకి ఎనిమిది టన్నులు తీసుకెళ్తుంది. అంటే చిప్పు ఒక్కటీ పెట్టకుండా రెండు రాకెట్లు. అసాధ్యమని నేననడం లేదు. కూలింగ్ ఉచితం అనడం మాత్రం వద్దు.

ఆ, ఆయన అడుగుతున్నారు, మంచి ప్రశ్న. హీట్ పంపు పెట్టి వేడిని పైకి లేపి చిన్న పలకతో వదలొచ్చు కదా అని. నాలుగో ఘాతం వినగానే అందరికీ వచ్చే ఆలోచన ఇది. లెక్క చూడండి. 320 నుంచి 400 కెల్విన్‌కి లేపాలంటే సిద్ధాంతంలో పాతిక శాతం అదనపు శక్తి, నిజం యంత్రంలో యాభై. ఒక మెగావాటుకి ఇంకో అర మెగావాటు కరెంటు. వదలాల్సింది ఒకటిన్నర మెగావాట్లు. పలక 39 శాతం తగ్గుతుంది, బాగానే ఉంది. కానీ ఆ అర మెగావాటు ఎక్కడి నుంచి? సోలార్ ప్యానెల్ మీటరుకి 400 వాట్లు ఇస్తుందనుకుంటే 1250 చదరపు మీటర్ల ప్యానెల్ అదనం. వందల మీటర్లు మిగుల్చుకుని వెయ్యి మీటర్లు పెంచుకున్నారు. చంద్రుడి మీద మిట్టమధ్యాహ్నం వేరు. అక్కడ చుట్టూ నేలే వందకి పైగా కాలుతుంటుంది, చల్లటి పలక పనే చేయదు. అక్కడ హీట్ పంపు మాట ఆలోచించాలి.

అణు విద్యుత్తు గురించి ఎవరో చీటీ పంపారు. ఒక్క ముక్కలో: అక్కడ ఉష్ణోగ్రత మన చేతుల్లో ఉంటుంది. ఇంజను వేడి చివర ఎంతో, దానిలో ముప్పావు వంతు దగ్గర వదిలితే పలక అన్నిటికంటే చిన్నదవుతుంది. 1200 కెల్విన్ రియాక్టరుకి 900. మీటరుకి 37 కిలోవాట్లు! కాకపోతే అక్కడ అల్యూమినియం కరిగే స్థాయికి దగ్గర, అమ్మోనియా పనికిరాదు. సోడియం, పొటాషియం పైపులు కావాలి.

ఇటు అమ్మాయి. చంద్రుడి మీద రాత్రి? అవును, రేడియేటర్‌కి రెండో ముఖం అది. పగలు మనల్ని కాపాడిన పలక రాత్రి దొంగలా దోచేస్తుంది. పద్నాలుగు రోజుల రాత్రి, మైనస్ 170 కంటే కిందికి. దాన్ని ఆపాలంటే పైపులో కొంచెం వాయువు కలిపి, చల్లబడగానే దానంతటదే మూసుకునే రకం వాడతారు. మామూలు పైపులో అదే వాయువు రోగం. అల్యూమినియానికి నీటి తడి తగిలి హైడ్రోజన్ పుడితే చల్లటి చివర పేరుకుని ఆ భాగాన్ని చంపేస్తుంది. గుర్తుపట్టడం ఎలాగంటారా? పైపు పొడవునా ఉష్ణోగ్రత చూడండి. అంతా ఒకేలా ఉండి చివర అరచేయంత చోట మాత్రం హఠాత్తుగా పడిపోతే వాయువే.

చివరిది. కాలేజీలో క్యూబ్‌శాట్, అంటే చిన్న డబ్బాలాంటి ఉపగ్రహం, చేస్తున్నాం, హీట్ పైపులకి డబ్బు లేదు అంటున్నారు. అక్కర్లేదు బాబూ. పది సెంటీమీటర్లు, ముప్పై సెంటీమీటర్ల ముఖం ఒకటి 27 డిగ్రీల దగ్గర పదకొండు వాట్లు వదులుతుంది, అది చాలు. వెండి పూసిన టెఫ్లాన్ టేపు దొరుకుతుంది, అది అంటించండి. ఒక చివర నుంచి మొదలుపెట్టి మెత్తటి గుడ్డ చుట్టిన పలకతో గాలి బయటికి నెట్టుకుంటూ రండి. కింద బుడగ మిగిలితే శూన్యంలో ఉబ్బుతుంది. వెనక్కి పీకి మళ్లీ అంటించొద్దు. వంచితే వెండి పగులుతుంది, పగుళ్లలోంచి జిగురు పైకి ఊరుతుంది. 1984లో పైకి పంపి 1990లో కిందికి తెచ్చిన ఎల్‌డెఫ్ అనే నాసా పరీక్షా ఉపగ్రహం మీద అలా పగిలిన టేపుల్లో జిగురు గోధుమరంగు మరకలై కనిపించింది. అంటించినప్పుడు పాడైతే ఆ ముక్క పారేసి కొత్తది కోయండి.